పెడన అచ్చు దుప్పటి: ఏది చేతి గుర్తు, ఏది పనిలోపం

సరుకు: కృష్ణా జిల్లాలో మచిలీపట్నం దగ్గరున్న పెడనలో అచ్చు వేసిన కలంకారీ డబుల్ దుప్పటి, 90 × 108 అంగుళాలు, రెండు దిండు గలీబులతో. కాటన్ గుడ్డ. గీతలు నలుపు, పూలు ఎరుపు, పూల నడుమ కాస్త పసుపు. చుట్టూ ఆరంగుళాల వెడల్పున తీగ అంచు, లోపలంతా బుటాలు.

తీర్పు ముందే చెబుతాం. నలుపు, ఎరుపు చాలా బాగున్నాయి, ఏళ్ల తరబడి ఉంటాయి. పసుపు బలహీనం. అచ్చుపని నిండుగా ఉంది కానీ ఒక మూల చెడింది, దాన్ని పనిలోపం కిందే లెక్కగట్టాలి. మంచం మీదికి నిశ్చింతగా కొనొచ్చు, పడమటి కిటికీకి కర్టెన్‌గా మాత్రం వద్దు. ఎందుకో అర్థం కావాలంటే ఈ గుడ్డ ఎన్ని చేతులు దాటి వచ్చిందో తెలియాలి. ఎందుకంటే అమ్మేవాళ్లు ప్రతి మరకకూ, ప్రతి వంకరకూ ఒకటే జవాబు చెబుతారు: "చేతిపని కదండీ, అలాగే ఉంటుంది." కొన్నిటికి ఆ జవాబు నిజం. కొన్నిటికి కాదు. ఆ తేడా పట్టుకోగలిగితే మంచి పనివాడికి దక్కాల్సిన డబ్బు నాసిరకం సరుకుకు పోదు.

ముందు అచ్చును గుడ్డ మీద ఎన్నిసార్లు కొట్టారో ఆ దెబ్బల లెక్క చూద్దాం. ఈ దుప్పటిలో వాడిన అచ్చు ఆరంగుళాల చదరం. అంచు తీసేస్తే లోపలి భాగం 78 × 96 అంగుళాలు, అంటే అడ్డంగా 13, నిలువుగా 16, మొత్తం 208 దెబ్బలు. అంచుకు మరో 62. ఒక్క రంగుకే 270. నలుపు గీతకు ఒక అచ్చు, ఎరుపు నింపడానికి ఒకటి, పసుపుకు ఇంకొకటి. పసుపు కొద్ది చోట్లే ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టినా నలుపు, ఎరుపులకే 540 సార్లు అచ్చును రంగులో ముంచాలి, గుడ్డ మీద సరిచూసి ఆనించాలి, అరచేతి మడమతో కొట్టాలి. గలీబులు ఈ లెక్కలో లేవు. స్క్రీన్ మీద, అంటే జాలీ చట్రంలోంచి రంగు లాగే పద్ధతిలో, ఇదే నమూనాను కొన్ని లాగుళ్లలో ముగించేయొచ్చు. రెండిటికీ ఒకే ధర చెబుతున్నారంటే ఎవరో ఒకరు మోసపోతున్నట్టే.

అచ్చు కుదురు ఎంత కష్టమో వడ్రంగి లెక్కలో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. అంగుళానికి ఎనిమిది నూళ్లు. అచ్చు ఆనించిన ప్రతిసారీ అర నూలు చొప్పున ఒకే వైపుకు జరిగితే 16 వరుసలు పూర్తయ్యేసరికి నమూనా ఒక అంగుళం పక్కకు పోతుంది. అందుకే మంచి పనివాడు ముందు వేసిన దెబ్బ అంచున ఉన్న ఆకు కొననో చుక్కనో గుర్తుగా పెట్టుకుని తర్వాతి దెబ్బ వేస్తాడు, మధ్యమధ్యలో పొడవంతా ఒకసారి కళ్లతో కొలుచుకుంటాడు. దుప్పటిని నేల మీద పరిచి కాళ్ల వైపు నుంచి చూడండి. బుటాల వరుస అంచు తీగకు సమాంతరంగా సాగితే పని బాగున్నట్టు. మా ముందున్న దాంట్లో నిలువు వరుసలు నిటారుగానే ఉన్నాయి. ఒక్కో దెబ్బ దగ్గర సన్నటి అతుకు కనిపిస్తుంది, కొన్ని చోట్ల ఎరుపు నల్ల గీతను దాటి వెంట్రుకవాసి బయటికొచ్చింది. ఇది చేతి గుర్తు, దీన్ని తప్పుపట్టకూడదు. ఒక్క అతుకూ కనిపించకుండా గజాలకు గజాలు ఒకేలా ఉంటేనే అది అచ్చుపనేనా అని అనుమానించాలి.

మూల దగ్గర ఒప్పుకోలేం. అంచు తీగ మూల తిరిగేచోట పనివాళ్లకు రెండు దారులున్నాయి: మూల కోసమే విడిగా చెక్కిన అచ్చు వాడటం, లేదా కాగితాన్ని ఏటవాలుగా మడిచి గుడ్డ మీద వేసి, సగం అచ్చు కాగితం మీద, సగం గుడ్డ మీద పడేలా కొట్టి, ఆ తర్వాత రెండో వైపు పూర్తి చేయడం. ఈ దుప్పటిలో మూడు మూలలు కాగితం పద్ధతిలో శుభ్రంగా వచ్చాయి. నాలుగోదానిలో కాగితం జరిగిపోయి తీగ మీద తీగ పడింది, నలుపు ముద్దకట్టింది. ఇది తొందర వల్ల జరిగే తప్పు. కొనేముందు నాలుగు మూలలూ విప్పి చూడటం ఎందుకు అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది, మడతపెట్టిన దుప్పటిలో పైకి కనిపించేది ఎప్పుడూ మంచి మూలే.

అచ్చుల సంగతి కొంచెం చెప్పాలి. వాటిని టేకుతో చేస్తారు. ఆరిన చెక్కను నున్నగా చిత్రిక పట్టి, దాని మీద నమూనా దించి, నమూనాలో లేని భాగాన్నంతా సన్నటి ఉలులతో తొలిచేస్తారు. మిగిలిన గీత గోడలా నిలబడి ఉంటుంది. లోతు చాలకపోతే రంగు అడుగుకు చేరి నేపథ్యంలో మచ్చలు పడతాయి. లోతు మరీ ఎక్కువైతే సన్న గీతలు విరిగిపోతాయి. చెక్కడం అయ్యాక అచ్చును నూనెలో నానబెడతారు, నీళ్లరంగుకు ఉబ్బి పగలకుండా. పెద్ద అచ్చులకు వెనక దాకా బెజ్జాలు పెడతారు, కొట్టినప్పుడు లోపల చిక్కిన గాలి బయటికి పోవడానికి. ప్రతి రంగుకూ ఒక అచ్చు కావాలి, అవన్నీ ఒకదానిమీద ఒకటి కచ్చితంగా కుదరాలి. నలుపుకు వాడే ద్రావణం పుల్లనిది, పనయ్యాక కడగకుండా వదిలేస్తే చెక్క గీతలను తినేస్తుంది. అరిగిన అచ్చు గీత లావెక్కుతుంది. ఆకు ఈనెలు, నెమలి ఈకలు, పూరేకుల లోపలి గీతలు విడివిడిగా కనబడుతున్నాయా, కలిసిపోయి నల్లటి ముద్దలా ఉన్నాయా అన్నది అచ్చు వయసు చెబుతుంది. ఈ దుప్పటిలో ఈనెలు చక్కగా లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి. చెక్కినవాడి పేరు గుడ్డ మీద ఎక్కడా ఉండదు, కానీ నమూనా అందం సగానికి సగం అతని చేతిదే.

ఇక రంగుల దగ్గరికి వద్దాం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అచ్చు కొట్టేటప్పుడు గుడ్డ మీద పడేది ఎరుపు రంగు కాదు, పటిక నీళ్లు. పటికకు రంగు లేదు కాబట్టి ఎక్కడ కొట్టామో కనబడటానికి అందులో తర్వాత కడిగితే పోయే రంగు కొంచెం కలుపుతారు. పాకకుండా తుమ్మ జిగురు కలుపుతారు. ఆ పటిక ఉన్నచోటే, తర్వాత ఉడకబెట్టినప్పుడు, ఎరుపు పట్టుకుంటుంది.

ఈ క్రమం మొత్తం కరక్కాయతో మొదలవుతుంది. ముందు గుడ్డకున్న మిల్లు గంజి పూర్తిగా పోయేలా నానబెట్టి ఉతుకుతారు. గంజి మిగిలిపోయినచోట తర్వాత ఏ రంగూ సరిగ్గా ఎక్కదు, పాలిపోయిన మచ్చలు కనిపిస్తాయి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఎండలో పరుస్తారు. కిలో గుడ్డకు సుమారు 200 గ్రాముల పొడి పడుతుంది. ఈ దుప్పటి ముప్పావు కిలో దాటుతుంది, అంటే దీనికి 160 గ్రాముల దాకా పట్టి ఉండాలి. గుడ్డ లేత పసుపుకు తిరుగుతుంది. ఎండేటప్పుడు ఒకే చోట మడతలుగా ఉంటే కరక్కాయ ఒక పక్కకు చేరి చారలు పడతాయి. శ్రీకాళహస్తి కలం పనిలో ఈ దశలో పాలు కూడా పోస్తారు, ఆ కొవ్వు ఉంటేనే కలం గీత గుడ్డలో పాకదు. అచ్చుపనిలో ఆ బాధ్యత జిగురుది.

నలుపు తయారీ ఓపికతో కూడిన పని. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ ద్రావణం కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరుకూ ఇనుముకూ మధ్య జరిగే చర్య అది. సరిగ్గా పులియకపోతే నలుపు బూడిదరంగులో ఆగిపోతుంది. ఇనుము మరీ చిక్కనైతే అంతకన్నా పెద్ద చేటు: కొన్నేళ్లకు నల్ల గీతల వెంబడే గుడ్డ చివికిపోతుంది. మ్యూజియంలలోని పాత అద్దకాల్లో నల్ల గీత ఉన్నచోట దారం రాలిపోయి, ఎరుపు ఉన్నచోట గుడ్డ గట్టిగా ఉండటం కనిపించేది ఇందుకే. కొనేటప్పుడు నల్లటి భాగాన్ని రెండు బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా సాగదీయండి. పెళుసుగా, కాగితంలా అనిపిస్తే వదిలేయండి. మా దుప్పటిలో నలుపు మెత్తగానే ఉంది.

ఈ పేరు గురించి ఒక మాట. కలంకారీ అంటే కలంతో చేసే పని. పెడనలో ఇప్పుడు కలం దాదాపు లేదు, అచ్చు ఉంది, అయినా పేరు మిగిలింది. మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకూ ఐరోపాకూ అద్దకం గుడ్డ వెళ్లిన రోజుల్లో అక్కడ కలమూ అచ్చూ రెండూ నడిచేవి. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది ఈ బట్టల కోసమే. ఈ గుడ్డ అక్కడి నేతగాళ్ల పొట్ట కొడుతోందని ఫ్రాన్స్ 1686లోనే దీన్ని నిషేధించాల్సి వచ్చింది. కాటన్ మీద ఉతికినా పోని ఎరుపు వాళ్లకప్పుడు సరిగ్గా చేతకాలేదు. ఇప్పుడు మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీలు రెండిటికీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది.

ఆ ఎరుపు ఎలా నిలుస్తుందంటే, అచ్చు వేశాక గుడ్డను కొద్ది రోజులు అలాగే ఉంచి, తర్వాత పారే నీళ్లలో జాడిస్తారు. పారే నీళ్లే కావాలి. గుడ్డకు పట్టని పటిక నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు కదలకపోతే అదే పటిక మళ్లీ తెల్ల భాగం మీద కూర్చుంటుంది, ఉడకబెట్టినప్పుడు నేపథ్యమంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. పెడనకు కృష్ణా కాలువ అంత ముఖ్యం కావడానికి కారణమిదే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు, వానాకాలంలో ఎండ లేనప్పుడు ఈ పని సరిగ్గా సాగదు. ఆ రోజుల్లో తొట్టి నీళ్లతో కానిచ్చిన సరుకు నేపథ్యం చూస్తే పట్టుబడుతుంది. ఈ దుప్పటిలో నేపథ్యం మీగడ రంగులో, అంతటా ఒకేలా ఉంది. మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, జాడించినవాళ్లు ఓపిగ్గా చేశారు.

తర్వాత రాగి గంగాళంలో ఉడకబెట్టడం. నీళ్లలో ఎరుపు మందు, జాజి ఆకు వేసి, వేడి నెమ్మదిగా పెంచుతూ గుడ్డను కర్రలతో ఆపకుండా తిప్పుతారు. మంట ఒక్కసారిగా ఎగదోస్తే ఎరుపు మచ్చలు మచ్చలుగా ఎక్కుతుంది. తిప్పే చేయి ఆగితే మడతల్లో రంగు అందదు. పొయ్యి సెగలో, ఆవిరిలో నిలబడి తడిసిన గుడ్డ బరువును తిప్పడం ఈ మొత్తం పనిలో ఒళ్లు హూనమయ్యే భాగం. పటిక పడినచోట ఎరుపు, పటికతో ఇనుము కలిసినచోట మెరూన్, ఇనుము ఒక్కటే ఉన్నచోట నలుపు. ఒకే గంగాళంలోంచి మూడు రంగులు వస్తాయి.

"పూర్తిగా ప్రకృతి రంగులు" అని చీటీ అంటించి ఉంది. ఇక్కడ నిజాయతీ కావాలి. ఒకప్పుడు ఈ ఎరుపు కృష్ణా డెల్టాలో పండిన చిరివేరు అనే మొక్క వేళ్ల నుంచి వచ్చేది. ఇప్పుడు పెడనలో ఎక్కువగా వాడేది అలిజరిన్ పొడి, ఫ్యాక్టరీలో తయారయ్యే ఎరుపు మందు. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థం కూడా అలిజరినే, దాన్ని 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. కాబట్టి రంగు నిలకడలో మీకు నష్టం లేదు, పటికతో గట్టిగా ముడిపడే గుణం దానికీ ఉంది. అయినా చీటీ మీద "వేరు రంగు" అనో "నూరు శాతం ప్రకృతి" అనో రాయడం తప్పు. కరక్కాయ, పటిక, బెల్లం-ఇనుము, అలిజరిన్ అని ఉన్నదున్నట్టు రాస్తే పెడన పని విలువ ఏమీ తగ్గదు.

పసుపు ఎందుకు బలహీనం? అది ఉడకబెట్టిన రంగు కాదు. ఎరుపు అయ్యాక గుడ్డకు గంజి పెట్టి ఆరబెట్టి, కరకపువ్వు లేదా దానిమ్మ తొక్క కషాయాన్ని కావలసిన చోట పైన అద్ది, చివర్లో పటిక నీళ్లలో ముంచి నిలబెడతారు. ఎండకు ముందుగా వెలిసేది ఇదే. నీలి మీద పసుపు వేసి తెచ్చిన ఆకుపచ్చ కూడా కొన్నాళ్లకు పసుపు పోయి నీలంగా మిగులుతుంది. అందుకే ఐదారు రంగుల దుప్పటికి ఎక్కువ పెట్టడం కన్నా నలుపు, ఎరుపు, మెరూన్‌లతో పని నిండుగా ఉన్నది తీసుకోమని మా సలహా. ఉతికేకొద్దీ అందం పెరిగేవి ఆ మూడే.

అచ్చు, స్క్రీన్, డిజిటల్ తేడా పట్టడం గురించి. డిజిటల్‌ది సులువు: వెనక తిప్పితే తెల్లగా ఉంటుంది. స్క్రీన్‌ది కొంచెం కష్టం, ఎందుకంటే పెడనలోనే స్క్రీన్ పని కూడా జరుగుతుంది, కాబట్టి "పెడన సరుకు" అన్న మాట ఒక్కటే సాక్ష్యం కాదు. స్క్రీన్ పనిలో ఎక్కువగా వాడే పిగ్మెంట్ రంగు గుడ్డలోకి దిగదు, బంకతో పైన అంటుకుని ఉంటుంది. వేలితో రాస్తే అచ్చు ఉన్నచోటా లేనిచోటా స్పర్శలో తేడా తెలుస్తుంది. కొత్తదైతే కిరోసిన్ వాసన కొడుతుంది, రంగు పేస్టులో దాన్ని కలుపుతారు. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే మడతల దగ్గర రంగు అంటుతుంది. ఇంకా సందేహం ఉంటే, కొన్న తర్వాత, లోపలికి కుట్టిన అంచు మడతలో నల్ల చుక్క మీద ఒక బొట్టు నిమ్మరసం వేయండి. ఇనుము-కరక్కాయ నలుపు కాసేపటికి పాలిపోతుంది, పిగ్మెంట్ నలుపు చెక్కుచెదరదు. వెంటనే కడిగేయాలి, ఆ చుక్క మళ్లీ నల్లబడదు. షాపులో మాత్రం ఈ పరీక్ష చేయకండి, అది వాళ్ల సరుకు.

టేపు పరీక్ష కూడా ఒకటుంది. ఇన్నిసార్లు నాని, ఉడికి, ఎండిన గుడ్డ ముడుచుకోవాల్సినంతా ముందే ముడుచుకుపోయి ఉంటుంది. మొదటి ఉతుకు ముందు, తర్వాత కొలవండి. ఈ దుప్పటి పొడవులో అంగుళం కూడా తగ్గలేదు. మొదటి ఉతుకుకే మూడు నాలుగు అంగుళాలు పోతే అది గంగాళం చూడని గుడ్డ అయివుండొచ్చు.

వాడకంలో ఈ రంగులకు పెద్ద శత్రువు ఇనుము. గుడ్డలో కరక్కాయ ఇంకా ఉంటుంది. తుప్పు ఎక్కడ తగిలినా అక్కడ నల్లమచ్చ పడుతుంది, తయారీలో జరిగిన చర్యే మళ్లీ జరుగుతుంది. తుప్పుపట్టిన దండెం తీగ, పాత ఇనుప హ్యాంగర్, బకెట్ కాడ, నీళ్లు కారే ఇస్త్రీపెట్టె, ఇవన్నీ మచ్చలు పెట్టేవే. బోరు నీళ్లలో ఇనుము ఉన్న ఊళ్లలో మీగడ రంగు నేపథ్యం నాలుగైదు ఉతుకులకే బూడిదరంగుకు దిగుతుంది, అక్కడ కుళాయి నీళ్లో వాన నీళ్లో వాడండి. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికితే ఆరనివ్వకుండా కడగాలి, లేదంటే అక్కడ నలుపు తేలిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ దగ్గరికి రానివ్వొద్దు. సోడా ఎక్కువున్న సబ్బు పసుపును మట్టిరంగు వైపు తిప్పుతుంది. కుంకుడు రసం సరిపోతుంది, మిషన్‌లో వేస్తే మెత్తని లిక్విడ్‌తో, చల్లనీళ్లలో, విడిగా వేయండి. రాళ్లుప్పు నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలా ఇళ్లలో నమ్మకం. ఈ రంగులు పటికతో, ఇనుముతో ముడిపడినవి, ఉప్పు వాటికి చేసేదేమీ లేదు. మొదటి రెండు ఉతుకుల్లో లేత పసుపు నీళ్లు దిగితే కంగారు పడకండి, అది మిగులు కరక్కాయ. ఎర్రటి నీళ్లు ఐదో ఉతుకులో కూడా దిగుతుంటే ఉడికాక సరిగ్గా జాడించలేదని అర్థం, ఆ దుప్పటి వాపసు ఇవ్వాల్సిందే.

దిండు గలీబుల గురించి ఒక అసంతృప్తి మిగిలింది. దుప్పటి నేపథ్యం మీగడ రంగులో ఉంటే గలీబులది కొంచెం గులాబీ. వేరే దఫా గంగాళంలో ఉడికినవి జతచేశారని తెలిసిపోతోంది. విడివిడిగా చూస్తే రెండూ మంచి పనే, పక్కపక్కన పెడితే జత కుదరలేదు. సెట్టుగా అమ్మేటప్పుడు గలీబుల గుడ్డను దుప్పటితో కలిపే జాడించి, కలిపే ఉడకబెట్టాలి. కొనేవాళ్లు ప్లాస్టిక్ కవరు లోపలే చూసి ఒప్పుకోకుండా, గలీబు తీసి దుప్పటి మీద పరిచి పగటి వెలుతురులో చూడండి, ట్యూబులైటు కింద ఈ తేడా కనబడదు.